ఆకాశమునకు దినవహి

వర్తకునకు దినవహి యెట్టిదో జాతికి విజ్ఞానపు లెక్క యట్టిది. ఏనాటి పద్దు నానాడు వ్రాయని వర్తకుడు ఎంత ధనికుడైనను ఒకనాటికి తాతల సొమ్ము చెప్పుకొని బ్రదుకవలసినవాడే. మన పూర్వులు ఆకసమును చూచిరి, గ్రహగతులను గణించిరి, సిద్ధాంతములు కట్టిరి. వారి కీర్తి సభలలో చెప్పుకొనుటకు మనకు లోటు లేదు. కాని నిన్నటి రాత్రి ఆర్ద్రానక్షత్ర మెంత వెలుగుతో నుండెనో చూచి వ్రాసిపెట్టినవారు ఈ విశాఖపట్టణమున నెందరని యెవరైన నడిగినచో మనము తల వంచుకొనవలసి వచ్చును.

ఇది పనిలేని ప్రశ్న యని కొంద రనవచ్చును. నక్షత్రములన్నియు మార్పులేని వెలుగు గలవని సామాన్యుల నమ్మిక. అది సరి కాదు. వేలకొలది తారల కాంతి పెరుగుచు తరుగుచు నుండును. వీనినే చరకాంతి తార లందురు. 1596లో ఫాబ్రిషియస్ అను నొక మతబోధకుడు తిమింగల మండలమున నొక తారను చూచెను. అది కొంతకాలమునకు కంటికి కానరాక పోయెను. మీరా యని పేరొందిన యా తార సుమారు 332 దినముల కొకమారు వెలుగొందుచు, నడుమ పలు మాసములు అణగియుండును. 1782, 1783లలో ఇంగ్లండున గుడ్‌రిక్ అను చెవిటి యువకుడు, పందొమ్మిదేండ్లయిన నిండనివాడు, ఆల్గాల్ అను తార 2 దినముల 20 గంటల 49 నిమిషముల కొకమారు మసకబారుటను కనిపెట్టెను. మరుసటి యేడు సెఫియస్ మండలములోని మరియొక తార 5 దినముల 9 గంటల కొకమారు హెచ్చి తగ్గుట నతడే వ్రాసిపెట్టెను. ఆ జాతి తారల పద్దులను వరుస బెట్టి 1912లో లీవిట్ అను విదుషీమణి, వాని ఆవృత్తికాలమునకును నిజమైన కాంతికిని గల సంబంధమును నిరూపించెను. దూరపు నక్షత్రమండలములను కొలుచుటకు లోకమునకు కొలబద్ద యట్లు దొరకెను. ఓపికతో వ్రాసిన చిన్న పద్దులనుండి విశ్వపరిమాణమే వెల్లడి యయ్యెననుట అతిశయోక్తి కాదు.

ఈ పనికి ధనము కంటె సత్యసంధత యెక్కువ కావలయును. చూడవలసిన తారకు ఇరుప్రక్కల, దానికంటె ప్రకాశమైన దొకటి, మసకైన దొకటి, వెలుగు తెలిసిన తారలను ఎన్నుకొని, మన తార యెవ్వని కెంత దగ్గరగ నున్నదో కంటితో నంచనా వేయవలయును. పిదప తేది, గంట, పోల్చిన తారల పేరులు, మబ్బు, వెన్నెల యున్న యెడల నదియు వ్రాయవలయును. తార కనబడనిచో కనబడలేదని వ్రాయుటయు విలువగల పద్దే. సాక్ష్యమునకు ప్రాణము రెండు గుణములు: కన్నది కన్నట్లు చెప్పుట, కన్నప్పుడే వ్రాయుట. నిన్నటి యంకెను చూచి నేటి యంకెను దిద్దువాడును, పొరుగువాని యంకెతో పొంతన కుదుర్చువాడును కొలుచునది తారను కాదు, తన మనస్సును. లోకమంతటి జ్యోతిర్విదులు దినములను వాడే జూలియన్ లెక్క మన సిద్ధాంతులెరిగిన అహర్గణము వంటిదే: ఒక నిర్ణీత దినము మొదలు గడచిన దినముల మొత్తము. కనుక ఈ విద్య మనకు పరాయిది కాదు. మనము దానికి పరాయివార మైతిమి.

పరాయివార మైన తీరు మన పట్టణచరిత్రయే చెప్పగలదు. మద్రాసు నక్షత్రశాలలో టేలరు దొరవద్ద జ్యోతిశ్శాస్త్రము నభ్యసించిన గోడె వెంకట జగ్గారావుగారు 1840లో ఇచ్చట తన స్వంత ధనముతో నొక వేధశాలను నెలకొల్పిరి. ఓడలవారు తమ గడియారములను సరిచూచుకొనుటకై డాల్ఫిన్స్ నోస్ కొండపై నొక ధ్వజమును నిలిపిరి. 1856లో వారు గతించిన పిదప అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఉద్యోగమును వదలుకొని ఆ భారమును వహించిరి. 1874 డిసెంబరు 9వ తేదిన శుక్రుడు సూర్యబింబమును దాటుటను వారీ పట్టణమునుండి పరిశీలించి లండనులోని ఖగోళశాస్త్ర సంఘమునకు తెలియజేసిరి. ఆ సంఘము వారిని సభ్యునిగా నెన్నుకొనెను. గ్రహణములు, ధూమకేతువులు, వాన, గాలి, వేడిమి, అన్నిటికిని వారు పద్దు వ్రాసిరి. 1892లో వారు స్వర్గస్థులైరి. 1894లో వేధశాల మద్రాసు ప్రభుత్వము పరమయ్యెను. కాలక్రమమున నది లేకుండ పోయెను. వారి భార్య అచ్చయ్యమ్మగారి దాతృత్వముచే ఏ.వి.ఎన్. కళాశాలకు వచ్చిన పేరు నిలిచినది. డాబాగార్డెన్సులో నేడంగళ్ల సందడియే గాని ఆకసమును చూచు కన్ను లేదు.

దీనికి ఏ యొక్కరిని నిందించియు ప్రయోజనము లేదు. ఒక కుటుంబము ఔదార్యముపై నాధారపడిన విద్య ఆ కుటుంబము వెంటనే పోవును. ప్రభుత్వపు ఖజానాపై నాధారపడినది ఒక ఉత్తరువుతో పోవును. పదిమంది చేతులలో నున్న విద్యయే నిలుచును.

ఇందుకు దృష్టాంతము వంగదేశమున గలదు. జెస్సోరులో రాధాగోవింద చంద్ర అను నొక ఖజానా గుమాస్తా యుండెడివారు. ప్రవేశపరీక్షయైన నెగ్గనివారు. 1910లో హేలీ తోకచుక్కను చూచినది మొదలు ఆకసమునకు దాసులై, పగలు రూకలు లెక్కించి రాత్రి తారల కాంతి లెక్కించిరి. చరకాంతి తారల పరిశీలకులకై అమెరికాలో 1911లో స్థాపితమైన సంఘమునకు వా రంపిన పద్దులు 37 వేలకు మించినవి. ఆ సంఘమును స్థాపించిన ఓల్కాట్ వృత్తిచే న్యాయవాది. ఆయనయు తీరిక వేళలనే చూచెడివాడు. సంఘమువారు 1926లో చంద్రగారికి ఆరంగుళముల దూరదర్శిని నొకదానిని పంపిరి. అది తరువాత వేణు బప్పుగారి చేతికి వచ్చి కావలూరు వేధశాల చేరెను. ఈ బప్పుగారు హైదరాబాదున నిజామియా వేధశాల ఉద్యోగి కుమారులు. విద్యార్థి దశలోనే చరకాంతి తారలను చూచి ఫలితములు ప్రకటించినవారు. పేద గుమాస్తా చేతి పనిముట్టు దేశమునకు గొప్ప వేధశాల కట్టిన శాస్త్రజ్ఞుని చేతికి వచ్చుట కంటె మన కేమి నిదర్శనము కావలయును?

యంత్రములే రాత్రంతయు ఆకసమును ఛాయాచిత్రములు తీయుచుండగా మన కన్ను లెందుకని యొక యాక్షేపణ కలదు. ఆ యంత్రములు మసక తారలకై నిర్మింపబడినవి. మిక్కిలి ప్రకాశమైన తారలు వానికి కన్ను చెదరగొట్టును. 2019 చివరను ఆర్ద్ర మసకబార నారంభించి, 2020 ఫిబ్రవరి నాటికి దాని వెలుగు మూడవవంతున కొంచెము మించి మాత్రమే మిగిలెను. తార వెలిగ్రక్కిన వాయువు చల్లారి ధూళియై అడ్డుపడుట దానికి ప్రధాన కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ మాసములలో మామూలు పరిశీలకుల పద్దులు వారి కెంతయో యుపకరించినవి. మరియొక సంగతి. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి. ఈ రేఖాంశమునుండి చూచువారు లేనిచో లోకపు దినవహిలో ఆ గంటల పద్దు ఖాళీగా నుండును. ఆ ఖాళీ మన పేరుననే యున్నది.

కావున మా సూచన స్వల్పమైనది. మన పట్టణములోని ప్రతి పఠనమందిరమును ఒక కుట్టిన పుస్తకము నుంచవలయును. ముగ్గురు సభ్యులు చాలును. మార్గశిరము మొదలు ఫాల్గునము వరకు సాయంకాలమున గొల్లకావడికి పైనున్న యెర్రని ఆర్ద్రను, రోహిణితోను పునర్వసుతోను పోల్చి వ్రాయవచ్చును. రోహిణి వెలుగు 0.9 తరగతి, పునర్వసు 1.1, అంకె తగ్గిన కొలది వెలుగు హెచ్చు. ఐదు తరగతుల భేదమునకు వెలుగు నూరురెట్లని లెక్క కట్టినది, పిదప మద్రాసు నక్షత్రశాలను మూడు దశాబ్దములు నడపిన పాగ్‌సన్ దొరయే. దీనికి దూరదర్శిని యక్కర లేదు. మేడపైకి వెళ్లు నోపిక చాలును. ముగ్గురును విడివిడిగ వ్రాయవలయును. మాసాంతమున మాత్రమే సరిచూచుకొనవలయును. అలవాటు కుదిరిన పిదప ఆల్గాలును, మీరాను చేర్చుకొనవచ్చును. పద్దులను లోకమునకు పంపుడు. నకలును మాత్రము మన మందిరముననే యుంచుడు.

నగరపాలకులకు నొక మనవి. రేవును ఉక్కు కర్మాగారమును మనకు అన్నము పెట్టుచున్నవి. దీపములు వలదని మా వాదము కాదు. ఉక్కుకై 1966లో ప్రాణములొడ్డిన పట్టణమిది. కాని సముద్రతీరపు దీపముల వెలుగు నేలపై బడవలయును గాని ఆకసమున కెగయరాదు. పైన నొక కప్పు వేసినచో బాటసారికి వెలుగు తగ్గదు, తారలకు చీకటి మిగులును, విద్యుచ్ఛక్తికి చేయు వ్యయమును వ్యర్థము కాదు.

స్వరాజ్యమనగా మన పాలన మనము చేసికొనుట మాత్రమే కాదు; మన పద్దు మనము వ్రాసికొనుట కూడ. జగ్గారావుగారి వేధశాల తిరిగి రాదు. దానికి కావలసిన ధనము మన వద్ద లేకపోవచ్చును. ఆయన చూచిన యాకసము మాత్రము మన మేడలపై నేటికిని ఉచితముగనే పరచియున్నది. వానకాలము గడచి మబ్బు విచ్చిన మొదటి రాత్రి ఎవరు మొదటి పద్దు వ్రాయుదురో చూతము.