చీకటికి స్వాతంత్ర్యమని పేరా?

2021 ఫిబ్రవరి చలితుపానులో టెక్సాస్ రాష్ట్రమున విద్యుత్తు స్తంభించినపుడు, ఫెడరల్ ప్రభుత్వము తమ వ్యవహారములలో తల దూర్చకుండుటకై టెక్సాస్ ప్రజలు మూడు దినములకు మించియైనను విద్యుత్తు లేకుండ నుండుటకు సిద్ధపడుదురని, ఆ రాష్ట్రమునకు మాజీ గవర్నరును అమెరికాకు మాజీ ఇంధనమంత్రియు నగు రిక్ పెర్రీ ప్రకటించినారు. చలికి తాళలేక ఇంటి గ్యారేజీలో కారు ఇంజను నడుపుకొని, ఆ విషవాయువునకే హ్యూస్టన్‌లో బలియైన తల్లీకూతుళ్ళను అడిగి ఈ సమ్మతిని సంపాదించినారా? డల్లాసులోను ఆస్టిన్‌లోను ఉన్న బిడ్డల క్షేమవార్తకై రాత్రులు ఫోను పట్టుకొని కూర్చున్న తెలుగు తల్లిదండ్రులు ఈ మాటను క్షమింపజాలరు.

ఈ విద్యుత్తు కోతలకు గాలిమరలపై మోపిన నిందను విచారింప నవసరము లేదు. అధికముగ స్తంభించినవి గ్యాసు మొదలగు థర్మల్ కేంద్రములేయని గ్రిడ్ నిర్వాహకులే చెప్పినారు. అంతకంటె ఘోరమైన అసత్యము, పొరుగు గ్రిడ్లతో చేయి కలిపిన మాత్రమున, వేరుగ గ్రిడ్ నడుపుకొను టెక్సాస్ తన స్వాతంత్ర్యమును కోల్పోవునన్నది. అమెరికాలో ఏసీ గ్రిడ్లు రెండు కలిసినచో సెకనుకు 60 ఆవర్తనములు రెండును ఒకే లయలో నడువవలెను, ఒకదాని కుదుపు రెండవదానికి తగులును. డీసీ మార్గమున ఆ నిర్బంధము లేదు, ఎంత విద్యుత్తు ఏ దిశకు పోవలెనో కన్వర్టరు స్టేషనులో నిర్ణయించుకొనవచ్చును. తూర్పు గ్రిడ్‌తోను మెక్సికోతోను టెక్సాస్‌కు ఇట్టి సంధానములు ఎంతోకాలముగ కలవు. వానివలన ఏ స్వాతంత్ర్యము నశించినది? లూసియానా సరిహద్దునుండి మిసిసిపీ వఱకు మఱియొక డీసీ మార్గమును తలపెట్టినపుడు, దానివలన టెక్సాస్ గ్రిడ్‌పై తన అధికారము విస్తరింపదని ఫెడరల్ ఇంధన నియంత్రణ సంఘము 2014లోనే స్పష్టముగ ఉత్తరు విచ్చినది. నాడు గవర్నరు పీఠమున నున్నది పెర్రీగారే. తెలియక పలికితినని చెప్పుకొను అవకాశము ఆయనకు లేదు.

మనకిది వినికిడి సంగతి కాదు. గాజువాక డీసీ స్టేషనును, తాల్చేరు–కోలారు డీసీ మార్గమును 2013 చివరివఱకు దక్షిణ గ్రిడ్ లయను మార్పకయే తూర్పునుండి విద్యుత్తును తెచ్చుచు వచ్చినవి. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతములు అంధకారమున మునిగినను దక్షిణము నిలిచినదన్నచో, ఆ యేర్పాటే కారణము. వేరుగ నుండుటయు, కలిసి యుండుటయు పరస్పర విరుద్ధములు కావని దీనికంటె నిదర్శన మేమి కావలెను?

పొరుగు రాష్ట్రములును అదే చలిలో కొరతపడినవను వాదమున నిజము లేకపోలేదు. అందులకే చలి సోకని దూరప్రాంతములవఱకు మార్గములు కావలెను. ఒక దశలో 20,000 మెగావాట్ల కోత విధింపవలసివచ్చిన గ్రిడ్‌కు ఉన్న డీసీ సంధానములన్నియు కలిపి సుమారు 1,200 మెగావాట్లే. మఱి 4 నిమిషముల 37 సెకనులలో ఆ గ్రిడ్ అంతయు, మూడు దినములు కాదు, వారములతరబడి చీకటిలో మునిగియుండెడిదని నిర్వాహకులు ఒప్పుకొనినారు.

పశ్చిమ గ్రిడ్‌లో చేరియున్న ఎల్ పాసోయు టెక్సాస్ నగరమే. అచట అంతరాయము స్వల్పము. ఆస్టిన్‌లో సమావేశమగు శాసనసభ పెర్రీగారి శౌర్యవచనములను ప్రక్కకు పెట్టి, 2014నాటి ఉత్తరువు చేతనుండియు 2021 వఱకు ఆ మార్గము నేలపై కేల రాలేదో, దానికి అడ్డుపడినవా రెవరో బహిరంగముగ విచారించి తేల్చవలెను.