పైకి పంపితే పని అయిపోయినట్టేనా?

మా సంఘంలో ఒక సభ్యుడి అబ్బాయి అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు సంఘం గదిలో కూర్చుని, అక్కడివాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న ఒక తగువు చెప్పాడు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్ జో పటెర్నోను తలుచుకోవాలా, మరచిపోవాలా అన్నది ఆ తగువు. ఆయన పోయింది 2012 జనవరిలో. అయినా 2024లో స్టేడియం మైదానానికి ఆయన పేరు పెట్టాలన్న మాట ట్రస్టీల మధ్య నడిచింది. ఆ సాయంత్రం మావాళ్లు కూడా రెండుగా చీలిపోయారు. మన ఊరి సంగతి కాదు కదా అని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

పటెర్నో మామూలు మనిషి కాదు. 1950లో సహాయకుడిగా చేరి, 1966 నుంచి 2011 దాకా ప్రధాన కోచ్‌గా ఉన్నాడు. 409 విజయాలు, రెండు జాతీయ టైటిళ్లు. ఆటగాడు ముందు చదవాలి, తర్వాతే ఆడాలి అని పట్టుబట్టేవాడు. భార్యాభర్తలిద్దరూ విశ్వవిద్యాలయానికి 40 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. గ్రంథాలయానికి వారి పేరే ఉంది. లక్షమందికి పైగా పట్టే స్టేడియం బయట ఆయన కంచు విగ్రహం ఉండేది. మనకు ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారంటే ఎంత గురి ఉండేదో, ఆ ఊరికి ఈయనంటే అంతకు పదింతలు.

ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన సహాయ కోచ్ జెర్రీ సాండస్కీ. ఆదరణ లేని పిల్లల కోసం 1977లో ఒక సేవాసంస్థ పెట్టాడు. ఆ పిల్లలనే చెరిచాడు. 1998లో ఒక తల్లి ఫిర్యాదు చేసింది. పోలీసులు విచారించారు, జిల్లా ప్రాసిక్యూటర్ కేసు పెట్టలేదు. 1999లో సాండస్కీ రిటైరయ్యాడు గాని, క్యాంపస్‌లోకి రాకపోకలకు అడ్డు లేకుండా పోయింది. 2001 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి, స్నానాల గదిలో అతడు ఒక బాలుడితో ఉండగా కుర్ర సహాయకుడొకడు చూశాడు. మర్నాడు పొద్దున్నే పటెర్నో ఇంటికి వెళ్లి చెప్పాడు. పటెర్నో తన పైఅధికారి అయిన క్రీడావిభాగం డైరెక్టరుకు చెప్పాడు. వాళ్ల వారాంతం పాడుచేయడం ఇష్టం లేక వెంటనే చెప్పలేదని తర్వాత గ్రాండ్ జ్యూరీ ముందు తనే అన్నాడు. పోలీసులకు ఎవరూ చెప్పలేదు. సాండస్కీని మాత్రం ఇకపై పిల్లలను క్యాంపస్‌కు తీసుకురావద్దన్నారు. అంటే, ఎక్కడైనా సరే గాని ఇక్కడ వద్దని.

పదేళ్లు గడిచాయి. 2011 నవంబరులో అరెస్టు, నాలుగు రోజులకే పటెర్నోకు ఫోనులో ఉద్వాసన. ఆ రాత్రి విద్యార్థులు వీధులకెక్కి టీవీ వ్యాను బోర్లా పడేశారు. వాళ్ల కోపం పిల్లల కోసం కాదు, కోచ్ కోసం. 2012 జూన్‌లో పదిమంది బాలుర విషయంలో 45 అభియోగాలు రుజువయ్యాయి. సాండస్కీకి 30 నుంచి 60 ఏళ్ల శిక్ష పడింది.

ఇక తగువు సంగతి. పటెర్నో పక్షాన మాట్లాడేవారు చెప్పేది కొట్టిపారేయదగ్గది కాదు. అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం ఉద్యోగి తన పైవాడికి చెబితే చాలు. ఆయన చెప్పాడు. ఆయన మీద ఏ కేసూ పెట్టలేదు. ఇంకా ఏదైనా చేసి ఉండాల్సిందని చివర్లో తనే ఒప్పుకున్నాడు కూడా.

నేను ముప్పై నాలుగేళ్లు గుమాస్తా ఉద్యోగం చేశాను. 'తగు చర్య నిమిత్తం పైకి పంపడమైనది' అని ఎన్ని వేల ఫైళ్ల మీద రాశానో లెక్కలేదు. అలా రాసి సంతకం పెడితే గుండెమీది బరువు దిగిపోతుంది. నాలాంటివాడికి ఆ మాట చెల్లుతుంది, ఎందుకంటే ఫైలు కదిలించే శక్తి నాకు లేదు. పటెర్నోకు చెల్లుతుందా? 2004లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, అదే డైరెక్టరు ఆయన ఇంటికే వెళ్లి, ఇక విరమించుకోమని అడిగారు. ఆయన కుదరదన్నాడు, వాళ్లు తిరిగి వచ్చేశారు. పైఅధికారి అన్నది కాగితం మీది మాటే. 2001లో కూడా, శిశుసంక్షేమ శాఖకు తెలపాలన్న ఆలోచన ఒక దశలో అధికారులకు ఉంది. జోతో మాట్లాడాక ఆ దారి తనకు ఇబ్బందిగా ఉందని డైరెక్టరు ఈమెయిల్లో రాశాడు. ఆ మాటల్లో ఏం జరిగిందో చెప్పే కాగితం లేదు. విశ్వవిద్యాలయం నియమించిన ఫ్రీ కమిటీ ఆయన్ని తప్పుపట్టింది, కుటుంబం వేరే నిపుణులతో ఆ నివేదికను ఖండించింది. ఆ వాదన ఎటు తేలినా, ఒక్క ఫోను చేస్తే ఊరంతా కదిలే మనిషి, ఆ ఒక్క విషయంలో నాలాంటి గుమాస్తాలా ప్రవర్తించాడు. ఆయన గొప్పతనమే ఇక్కడ ఆయనకు ఎదురుసాక్ష్యం.

విజయాల లెక్క చూడండి. 2012లో క్రీడాసంఘం 111 విజయాలు కొట్టేసి 298 చేసింది, 2015లో మళ్లీ 409 చేసింది. ఈ కూడికలు తీసివేతల మీద జరిగినంత రభస ఆ పదిమంది గురించి జరగలేదు. విగ్రహం తీసేశారు, గ్రంథాలయం పేరు ఉంచారు. నన్నడిగితే గ్రంథాలయం సబబే, ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే. మైదానం మాత్రం వద్దు. ఇంకో సంగతి, ఆ విగ్రహం పెట్టింది కూడా 2001లోనే.

పెన్సిల్వేనియా 2014లో చట్టం మార్చుకుంది. పైవాడికి చెప్పి ఊరుకుంటే కుదరదు, చట్టం చెప్పాల్సిందన్నవాడు నేరుగా ప్రభుత్వానికే తెలపాలి. మన దేశంలో 2012 పోక్సో చట్టం ఇంకా గట్టిది. 19వ సెక్షను ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవారి సంగతి సంస్థ పెద్ద దాస్తే ఏడాది దాకా. సదుద్దేశంతో చెప్పినవారికి ఇబ్బంది లేదు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా హాస్టలు కేసులో, తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఉన్న డాక్టరు మీద కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

ఇది మన సంఘాలకూ వర్తిస్తుంది. ఆదివారం తెలుగు తరగతి, కూచిపూడి, పద్యపఠనం పోటీలు అన్నీ నడిపేది మనమే, పిల్లలను నమ్మి పంపేది మనవాళ్లే. అందుకే కిందటి కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం పెట్టాను. తరగతి జరిగినంతసేపు తలుపు తీసి ఉండాలి. పిల్లలు ఏదైనా చెబితే, విన్నవారే ఆ రోజే 1098కి గాని పోలీసు స్టేషనుకు గాని చెప్పాలి, కార్యదర్శికి తర్వాత చెప్పవచ్చు. ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. "మన మాస్టారు ఇరవై ఏళ్లుగా పైసా తీసుకోకుండా చెబుతున్నారయ్యా, ఆయన్ని అనుమానించినట్టు కాదా?" అన్నారు. మాస్టారి మీద నాకు అనుమానం లేదన్నాను. మరి ఎందుకన్నారు. తీర్మానం వాయిదా పడింది. వచ్చే సమావేశంలో మళ్లీ పెడతాను.