పరదేశ సాహాయ్యము - ప్రతినిధి ధర్మము

దూరదేశమున జరుగు యుద్ధమునకు ప్రజల ఖజానా నుండి ధన మియ్యవలెనా, కూడదా యను ప్రశ్న వచ్చినపుడు శాసనసభ్యుని ధర్మ మేమి? ఈ ప్రశ్న అమెరికా సెనేటు ముందు 2024 ఏప్రిల్ 23వ తేదీన నిలిచెను. యుక్రెయినుకును ఇజ్రాయేలు మొదలగు వానికిని ఉద్దేశింపబడిన సుమారు 9,500 కోట్ల డాలర్ల బిల్లును ఆ సభ 79-18 ఓట్లతో ఆమోదించెను. కాదన్న పదునెనిమిదిమందిలో ఒహాయో రాష్ట్ర ప్రతినిధి జె. డి. వాన్సుగా రొకరు. 2025లో ఉపాధ్యక్షపదవి స్వీకరించిన వీరు తెలుగు కుటుంబమున పుట్టిన చిలుకూరి ఉషగారి భర్త యగుటచే, వీరి పేరు మన పఠనమందిరములలోను వినబడుచున్నది.

యుక్రెయిను కోరునన్ని ఫిరంగి గుండ్లను అమెరికా కర్మాగారములు చేసి యియ్యజాలవనియు, ఈ యుద్ధమున లెక్క కుదురుట లేదనియు వాన్సుగారు 2024లో పత్రికాముఖమున వాదించిరి. ప్రజల సొమ్మునకు కావలియున్నవాడు అడుగదగిన ప్రశ్నయే యిది. కాని 2022లో, సెనేటు స్థానమునకు అభ్యర్థిగా నుండగా, యుక్రెయినునకు ఏమైనను తనకు పట్టదని పలికినవారును వీరే. పొరుగిల్లు కాలుచుండగా నా బావిలో నీరు చాలదనుట యొకటి. అది కాలిన నాకేమి యనుట వేరొకటి. మొదటి మాటను గౌరవింతుము. పరపాలనబాధ ననుభవించిన జాతివార మగుటచే రెండవ మాటను హర్షింపజాలము.

అయినను ఆ యోటు ఆయన పేరున సభా దస్తావేజులలో నెక్కినది. కారణము బహిరంగముగ చెప్పబడినది. ఒహాయో పౌరుడు దానిని మెచ్చనూవచ్చును, నిలదీయనూవచ్చును. ఈ భాగ్యము మన తాతలకు లేకుండెను.

హైదరాబాదు సంస్థానచరిత్ర చూడుడు. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు వైమానికసేనలోని 110వ దళమునకు నిజాము విమానములను కానుకగ నిచ్చెను; ఆ దళమునకు హైదరాబాదు పేరు పెట్టిరి. 1918లో ప్రభువునకు ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదము దక్కెను. రెండవ యుద్ధమున ఆయన ధనముతో ‘నిజాం’ అను యుద్ధనౌక ఆస్ట్రేలియా నౌకాదళమున చేరి, 1941లో క్రీటు ద్వీపమునుండి సైనికులను తరలించుటకు పోయెను. క్రీటు ఎక్కడ, రామన్నపేట తాలూకా ఎక్కడ! అది దివాణీ సొమ్ము కాదు, సర్ఫెఖాసు సొమ్మని యెవరైన సమర్థింపవచ్చును. ఏ సంచిలో నున్నను అది రైతు చెమటయే గదా. 1893లో ఏర్పడిన శాసనసభకు ఖజానాపై అధికారము లేదు. ఈ దానము కూడదని ఓటు వేయగల సభ్యు డొక్కడును లేడు. ఆ యుద్ధదినములలోనే నల్లగొండ జిల్లా పల్లెలలో లెవీ పేరిట ధాన్యము కొలుచుకొని పోవుచుండిరి. సొమ్మొకడిది, సోకొకడిది యను సామెత కింతకంటె నిదర్శన మేల?

దీనివలన పరదేశ సాహాయ్యమే పాపమని మా భావము కాదు. 1938లో జపాను దాడికి గురియైన చీనాకు మన కాంగ్రెసు అయిదుగురు వైద్యులను పంపెను. వారిలో కోట్నీసుగారు 1942లో అచ్చటనే ప్రాణము విడిచిరి. అప్పటికి మనమే పరాధీనులము, దరిద్రులము. అయినను అది జనులు తమ మనసారా పంపిన సాయము. అందుచేత నేటికిని చీనాదేశము ఆ వైద్యుని స్మరించుచున్నది. యుద్ధనౌకకంటె అయిదుగురు వైద్యులే మన గౌరవమును నిలిపిరని మా విశ్వాసము.

ఇక నేటి మాట. 1944లో భువనగిరి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డిగారిని 1952లో నల్లగొండ ప్రజలు మూడు లక్షలకు మించిన ఓట్లతో లోక్‌సభకు పంపిరి. అడుగు హక్కు మన కట్లు సిద్ధించినది. విదేశములకు మన మిచ్చు గ్రాంట్లును ఋణములును విదేశాంగశాఖ పద్దులో చేరియుండును. రాజ్యాంగపు 113వ అధికరణము ప్రకారము ఆ పద్దు లోక్‌సభ ఓటునకు రావలసినదే. వచ్చుచున్నది కూడ, కాని అనేక శాఖల పద్దులు చర్చ లేకయే ఒక్కమూటగ గట్టి ఆమోదింపబడుచుండును. దీనికే ‘గిలెటిన్’ అని పేరు. 2023 మార్చిలో సభయందలి గందరగోళము నడుమ అన్ని శాఖల పద్దులును ఇట్లే గడిచిపోయెను. యుక్రెయినునకు 2022లో మనము మందులు పంపితిమి, మంచిపనియే. అయినను, ఎవరి కెంత, ఏల యని సభలో అడుగవలసిన బాధ్యత మన ప్రతినిధులది.

రామన్నపేట ఓటరు నేడు భువనగిరి లోక్‌సభ నియోజకవర్గమున నున్నాడు. తన సభ్యుడు ఊరికి వచ్చినపుడు రోడ్లను గూర్చియు, నీళ్లను గూర్చియు అడుగుట న్యాయమే. దానితోపాటు ఈ ప్రశ్నయు నడుగవలెను: అయ్యా, దూరదేశములకు మా సొమ్ము ఇచ్చునపుడు తాము సభలో నుంటిరా? ఔనంటిరా, కాదంటిరా? ఏ కారణమున? ఔనన్నను కాదన్నను తగిన హేతువు చెప్పినవానిని మన్నింపవచ్చును. నోరు మెదపక పద్దును సాగనిచ్చినవాడు మాత్రము, నిజాము కాలమున మనకు లేని యోటును నేడు ఉండియు లేనిదానిగ చేసినవా డగును.