కొండపొలం వచ్చిన సంవత్సరం

2021 అనగానే తెలుగువాళ్ళకు పుష్ప గుర్తొస్తుంది. నాకు కొండపొలం సినిమా గుర్తొస్తుంది. అక్టోబరు 8న విడుదలైంది. దసరాకు కొత్త సినిమాలు దిగేసరికి మా వైపు హాళ్ళలోంచి వెళ్ళిపోయింది. ఏళ్ళు గడిచినా ఆ సంగతి తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. రాయలసీమ మీద సినిమా తీస్తే సుమోలూ కత్తులూ తప్ప ఇంకేమీ ఉండవా అని మేం మొత్తుకుంటున్నది నిన్న మొన్నటి నుంచి కాదు. సమరసింహారెడ్డి వచ్చిన 1999 నుంచీ మొత్తుకుంటున్నాం. మేం అడిగింది రానే వచ్చింది. వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్ళు లేరు, మావాళ్ళతో సహా.

ఆ కథ రాసింది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. కడప జిల్లా కలసపాడు మండలం మనిషి. 'కాడి', 'ఒక్క వానచాలు' లాంటి నవలల్లో సేద్యగాడి బతుకును వరసగా రాసుకుంటూ వచ్చాడు. 'కొండపొలం' నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. కరువొచ్చి ఊరి చుట్టూ గడ్డి మాడిపోయి, కుంటలు ఎండిపోతే జీవాలను బతికించుకోడానికి కాపరులు మందలు తోలుకుని నల్లమల ఎక్కుతారు. దాన్నే కొండపొలం అంటారు. వానలు పడేదాకా అడవిలోనే ఉంటారు. పగలు మేత వెతకాలి, నీళ్ళున్న చోటు కనిపెట్టాలి. రాత్రి మంద చుట్టూ మంటలేసుకుని పెద్దపులికి కాపలా కాయాలి. ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడొకడు అలాంటి మందతో అడవికి పోతాడు. హైదరాబాదులో ఇంటర్వ్యూకని కూర్చుంటే నోరు పెగలని పిల్లవాడు, పులి ఎదురుగా నిలబడగలిగిన మనిషై తిరిగొస్తాడు.

ఇలాంటి కుర్రాళ్ళు మాకు ఇంటికొకడున్నాడు. ప్రొద్దుటూరులోనో నంద్యాలలోనో ఇంజినీరింగ్ పూర్తిచేసి, అమీర్‌పేట హాస్టల్‌లో చేరి, 'బాగున్నా నాయనా' అని అబద్ధం చెబుతూ ఏళ్ళు గడిపే పిల్లలు. ఇంటికొస్తే చదివినవాడని గొర్రెల దగ్గరికి రానివ్వరు. పట్నంలో పల్లెటూరివాడని పక్కన పెడతారు. వాళ్ళ నాయనకు తెలిసిన విద్య, అంటే ఏ చెట్టు కింద నీటి చెలమ ఉంటుందో, ఏ అలికిడికి గొర్రె బెదురుతుందో తెలిసిన విద్య, కాలేజీ చదువుకు ఏమాత్రం తీసిపోదని ఆ నవల చెప్పింది. ఆ కుర్రాడికి ధైర్యం వచ్చింది అక్కడి నుంచే. తెలుగులో ఈ మాటను ఇంత నమ్మకంగా చెప్పిన నవల నాకు మరొకటి కనిపించలేదు.

సినిమాలో లోపాల్లేవని నేననను. నల్లమల కథను వికారాబాదు అడవుల్లో తీశారు. నల్లమల తెలిసినవాడికి ఆ పచ్చదనం కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. ఓబులమ్మతో ఆ కుర్రాడి ప్రేమకథ ఎదిగేకొద్దీ నవలలోని దాహం పలుచబడింది. అయినా దర్శకుడు క్రిష్ నిజమైన మందను తెర నిండా నడిపించాడు. కాపరి జీవాన్ని పిలిచే పిలుపు వినిపించాడు. సాయిచంద్ చేసిన గురప్పను చూడండి. కొడుకును ఒక్క మాట అనకుండా, వాడి ఓటమిని తన భుజాన వేసుకుని నడిచే తండ్రి. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో ఉప్పెన వచ్చింది. కొండపొలంలో కొడుకుగా చేసిన వైష్ణవ్ తేజ్‌కు అందులోనూ తండ్రి సాయిచందే. సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఆ తండ్రీకొడుకులను జనం నెత్తిన పెట్టుకున్నారు. నల్లమలలో జీవాలు కాసిన తండ్రీకొడుకులను కన్నెత్తి చూడలేదు. నేను చూసిన ఆటకు హాలు సగం కూడా నిండలేదు. గురప్ప మాట్లాడింది అచ్చం మా ఇళ్ళలో మాట్లాడే మాటే. మా మాట తెరమీద నవ్వించడానికో నరకడానికో కాకుండా, కొడుకుకు ధైర్యం చెప్పడానికి పలికితే ఎంత నిండుగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

డిసెంబరు 17న పుష్ప వచ్చింది. అల్లు అర్జున్ పడిన కష్టాన్ని, చిత్తూరు యాసను పట్టుకున్న తీరును నేను తక్కువ చేయను. నా బాధ వేరే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగని ఎర్రచందనం మాది. దాన్ని నరికి అమ్ముకునేవాడు దేశమంతటికీ హీరో అయ్యాడు. రెండు నెలల ముందే, కొండపొలంలో అదే చెట్టును దొంగల పాలు కాకుండా అడ్డుకున్న గొర్రెల కాపరిని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ఒకే సంవత్సరంలో ఒకే అడవి సంపదకు ఇద్దరు కథానాయకులు వస్తే మనం ఎంచుకున్నది దొంగను. అడవిని కాపాడే పని అందరికీ చప్పగా తోచింది.

2023 ఆగస్టులో 69వ జాతీయ అవార్డులు ప్రకటించారు. ఉత్తమ నటుడు అల్లు అర్జున్, ఉత్తమ తెలుగు చిత్రం ఉప్పెన అని ఊరూరా సంబరాలు. ఆ జాబితాలోనే ఉత్తమ గీత రచయితగా చంద్రబోస్ పేరుంది, కొండపొలంలో రాసిన 'ధం ధం ధం' పాటకు. కీరవాణి స్వరపరిచిన పాట. ఆ ఏడాది మార్చిలో ఆ ఇద్దరికీ నాటు నాటుకు ఆస్కార్ వచ్చి ఉండడంతో ఈ పాట ఊసే లేకుండా పోయింది. ఇప్పటికీ మావైపు పదిమందిని అడగండి, జాతీయ అవార్డు పాట మన గొర్రెల కాపరుల సినిమాలోదని చెప్పగలిగినవాడు ఒక్కడు దొరికితే గొప్పే.

2021లో మరుగున పడింది ఒక్క సినిమానేనా? మార్చి 25న కర్నూలు జిల్లా ఓర్వకల్లులో విమానాశ్రయం ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. సంతోషమే. మే 8న కలసపాడు మండలం మామిళ్ళపల్లె దగ్గర ముగ్గురాయి గనిలో పేలుడు పదార్థాలు పేలి కూలీలు తునాతునకలయ్యారు. కరోనా రెండో అల కింద ఆ వార్త కూరుకుపోయింది. నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు విరుచుకుపడింది. పింఛా ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్ళు దిగువకు దూకి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసుకుపోయాయి. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి, గుండ్లూరు. ఈ ఊళ్ళ పేర్లు రాజంపేట దాటితే ఎంతమందికి తెలుసు? కార్తీక పౌర్ణమి దీపాలు పెట్టడానికి శివాలయానికి పోయినవాళ్ళు పోయారు, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు పోయారు, గొడ్లు కట్టుకొయ్యల దగ్గరే పోయాయి. అదే ఉదయం ప్రధాని మూడు వ్యవసాయ చట్టాలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. అదే రోజు చంద్రబాబు అసెంబ్లీ నుంచి బయటికొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మూడు రోజులకు మూడు రాజధానుల చట్టం రద్దు. వీటన్నిటి మధ్య చెయ్యేటి ఒడ్డున శవాలు వెతుక్కునేవాళ్ళకు దక్కింది టీవీ తెర అడుగున పరుగెత్తే ఒక వరస.

కరువు సీమ అని పేరు పెట్టినవాళ్ళకు మేం వరదలో చస్తే ఆ కథ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇదే కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, కట్టను చెరిపే ఆరు దోషాలేమిటో అందులో చెక్కించారు. రోజుకు వేయిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్ళు కట్టిన చెరువది. నీళ్ళ గురించి అంత తెలిసినవాళ్ళం. కరువులో మందను ఎలా బతికించాలో తెలిసినవాళ్ళం. సన్నపురెడ్డి ఊరు ఆ శాసనానికి దూరమేమీ కాదు. ఆ జ్ఞానం అతని నవలలో కాపరుల నోట పలికింది. దాన్ని వినడానికే ఎవరికీ ఓపిక లేకపోయింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. 'కొండపొలం' చదవండి. తెలుగు ఎమ్మే పిల్లలే చదివితే చాలదు. కడప, కర్నూలు జిల్లాల్లో ఇంజినీరింగ్ చదివే ప్రతి కుర్రాడి చేతికీ అది అందాలి, ఆ కథ వాడిదే కాబట్టి. సినిమాను పోరుమామిళ్ళలో, బద్వేలులో, ఆత్మకూరులో ఏటా ఒక్క రోజైనా పెద్ద తెరమీద వెయ్యండి. ఇంట్లో ఫోనులో చూస్తే ఆ మంద మంద లాగా ఉండదు. కొండపొలం చేసి వచ్చిన ముసలి కాపరులు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆట అయ్యాక మైకు ముందు వాళ్ళకే ఇవ్వండి.