పొణికి లేని పచ్చదనము

చెట్టు ఏదైననేమి, పచ్చగా నున్నచో చాలునను మాట నేడు విద్యావంతుల నోటను, పాలకుల నోటను సమానముగా వినవచ్చుచున్నది. 2015లో ఆరంభమైన తెలంగాణకు హరితహారము, రాష్ట్రమున 24 శాతముగా నున్న పచ్చదనమును 33 శాతమునకు పెంచుటకై 230 కోట్ల మొక్కలు నాటవలెనని సంకల్పించినది. సంకల్పము శ్లాఘనీయమే, కాని లెక్క కోట్లలోనికి పోయినకొలదియు ఏ జాతి మొక్క యను ప్రశ్న మరుగున పడినది. మొక్కల సంఖ్యయే వృక్షసంరక్షణమను ఈ అభిప్రాయము సత్యదూరము.

జాతి యేదను ప్రశ్న ఎంత ముఖ్యమో సిద్దిపేట జిల్లా చేర్యాలలోని నకాషీ కళాకారుల పనిలో చూడవచ్చును. వారు పటములు చిత్రించువారు మాత్రమే కారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారి బొమ్మలను చెక్కి రంగులద్దువారును వారే. ఊరూర తిరుగు కథకుడు పదులకొలది బొమ్మలను మోసికొనిపోవలెను గనుక, ఉలికి లొంగునంత మెత్తనిదియు, మోతకు బరువుకానిదియు నగు తెల్లపొణికి కర్రను వారు తరతరములుగా వాడుచున్నారు. నిర్మల, కొండపల్లి బొమ్మలకును ఇదియే ప్రాణాధారము.

వృక్షశాస్త్రజ్ఞులు గివోటియా అని పిలుచు ఈ చెట్టు ఆముదపు కుటుంబములోనిది. దక్షిణ భారతమునను శ్రీలంకలోను మెట్ట అడవులలో, రాతిగుట్టలపై పెరుగును. మగపూలు ఒక చెట్టునను ఆడపూలు వేరొక చెట్టునను పూయును. గింజ పెంకు మిక్కిలి గట్టిది గనుక సులభముగా మొలకెత్తదు. కావున జతలేక గుట్టపై మిగిలిన పొణికి గణకుని పట్టికలో ఒక చెట్టే యైనను, దానితోనే దాని వంశము అంతరించును. సంఖ్యను మాత్రమే చూచు కంటికి ఈ నష్టము ఎన్నటికిని కానరాదు.

త్వరగా పెరుగునను ఒక్క గుణముచేత మన మెట్టలకు వచ్చిన నీలగిరి చెట్టు కాగితపు మిల్లులకు ఉపకరించుననుట నిజమే. దాని పుట్టినిల్లగు ఆస్ట్రేలియాలో మాత్రము, టాస్మానియా ద్వీపమున కొలది చోట్ల మాత్రమే మిగిలిన మోరిస్బీ జాతి నీలగిరిని గింజలు సేకరించి కాపాడుకొనుచున్నారు. ఖండమంతట నీలగిరులు విస్తారముగా నుండగా ఈ ఒక్కటి పోయిన నేమని వారు ఊరకుండలేదు. మనము వారినుండి నీలగిరిని తెచ్చుకొంటిమి గాని, ఆ వివేకమును తెచ్చుకొనలేదు.

చేర్యాల మాస్కులను కొబ్బరిచిప్పతోను, రంపపుపొట్టును చింతగింజల జిగురును కలిపిన ముద్దతోను చేయుచున్నారు గదా, ఇక పొణికి యేల యని కొంద రందురు. మాస్కుకు చాలిన ముద్ద చెక్కుడుబొమ్మకు చాలదు. చాలినను, వృక్షమునకు బదులు దొరకినంత మాత్రమున అది నశింపవచ్చునా? చెట్లు నరికినవారు కళాకారులే గదా యని మరికొంద రందురు. కర్ర కొరవడిననాడు మొదట పని పోవునది వారికే. గావున పొణికిని పెంచుటయందు వారికంటె శ్రద్ధగలవారు వేరొకరుండరు. వారిని దోషులుగా నిలుపుట మాని సంరక్షకులుగా నియమింపవలెను.

సిద్దిపేట జిల్లా నర్సరీలు పలు గుట్టలనుండి పొణికి గింజలు తెచ్చి, పెంకు మెత్తబరచి మొలిపించి, ఆడమగ చెట్లు రెండును లభించునట్లు గుంపులుగా రాతినేలలయందు నాటవలెను. నరకు హక్కును నాటు బాధ్యతతో ముడివేసి కళాకారుల కప్పగింపవలెను. ఎన్ని నాటితిరని గాక, ఏవి నాటితిరి, వానిలో ఎన్ని గింజపట్టినవి యని అడిగిననాడుగాని ఈ కార్యమునకు సంరక్షణమను పేరు చెల్లదు.