జుట్టు కొరకు జింక్ మాత్రలు: ఎంత? ఎప్పుడు? ఎన్నాళ్ళు?



ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒక తల్లి వ్రాసిన ఉత్తరాన్ని ముందుగా తీసుకుంటున్నాము. పేరు, ఊరు ప్రచురించవద్దని ఆమె కోరారు. ఆమె కుమార్తెకు ఇరవై రెండేళ్ళు. వర్షాకాలంలో డెంగీ జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన రెండున్నర నెలలకు జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన పెడితే పిడికెడు వస్తున్నదట. మందుల దుకాణంలో అడిగితే జింక్ మాత్రలు ఇచ్చారు. ఉదయం పరగడుపున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఆరు వారాలుగా వాడుతున్నది. ఉదయం మాత్ర వేసుకున్నప్పుడల్లా కడుపులో త్రిప్పుతున్నది. "సంబంధాలు చూస్తున్నాము. పెండ్లి కుదిరేవరకు ఈ మాత్రలు ఆపకుండా వాడవచ్చునా?" అని ఆ తల్లి అడిగారు. సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పే అమ్మాయి ఇప్పుడు ముసుగు సవరించుకుంటూ వెనుక వరుసలో కూర్చుంటున్నదని కూడా వ్రాశారు.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ముందే చెప్తాము. వాడకూడదు. మీరు ఉత్తరంతో పంపిన ఖాళీ అట్ట చూశాము. ఒక్కొక్క మాత్రలో 50 మిల్లీగ్రాముల జింక్ ఉన్నది. రోజుకు రెండు వేసుకుంటే 100 అవుతుంది. ఇది చదివిన రోజునే ఆ మాత్రలు ఆపండి. ఆపినందువలన హాని ఏమీ లేదు. ఆపకపోతే ఎందుకు హానియో క్రింద వివరిస్తున్నాము.

మొదట కారణం తెలుసుకోవాలి

రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం అందరికీ సహజమే. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, తీవ్రమైన దిగులు వంటివి వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరుగుదల ఆపి విశ్రాంతిలోకి పోతాయి. రెండు మూడు నెలల తరువాత అవి రాలుతాయి. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ తరువాత ఎందరికో జరిగింది ఇదే. కుదుళ్ళు చచ్చిపోవు గనుక సాధారణంగా మూడు నుండి ఆరు నెలలలో రాలడం తగ్గి, క్రొత్త జుట్టు వస్తుంది. ఆ సమయంలో ఏ మాత్ర వేసుకున్నా పేరు ఆ మాత్రకే వస్తుంది!

రక్తహీనత, థైరాయిడ్ లోపం, సరిగా తినకుండా బరువు తగ్గడం కూడా జుట్టు ఊడడానికి కారణాలే. మగవారికి వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు జింక్ మందు కాదు. శరీరంలో జింక్ నిజంగా తక్కువైనవారికి మాత్రమే జింక్ వలన జుట్టుకు మేలు కలుగుతుంది. అట్టివారికి జుట్టు రాలడంతో పాటు నోటి చుట్టూ పుండ్లు, మానని గాయాలు, తరచు విరేచనాలు, రుచి తెలియకపోవడం వంటివి కూడా కనిపించవచ్చు.

ఎంత కావాలి? ఎంత మించకూడదు?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు కావలసిన జింక్ పురుషులకు 17 మిల్లీగ్రాములు, స్త్రీలకు సుమారు 13. తిండి, మాత్ర అన్నీ కలిపి పెద్దవారు 40 మిల్లీగ్రాములు మించకూడదు. డాక్టరు కొన్నాళ్ళు అంతకంటే ఎక్కువ ఇస్తే అది వారి పరీక్ష మీద ఆధారపడిన సంగతి. మనంతట మనం చేయదగినది కాదు.

అట్ట మీది అంకెను జాగ్రత్తగా చదవండి. జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు జింక్ 50 మాత్రమే. కొన్ని అట్టల మీద అసలు జింక్ ఎంతో విడిగా వ్రాస్తారు. మనం లెక్కపెట్టవలసినది దానినే. జుట్టు మాత్రలు, బలం మాత్రలు అని అమ్మే వాటిలో కూడా జింక్ ఉంటుంది. రెండు మూడు రకాలు కలిపి వాడేవారు అన్నిటినీ కూడి చూసుకోవాలి.

ఎక్కువైతే ఏమవుతుంది?

పరగడుపున వేసుకుంటే వికారం, వాంతి, కడుపు నొప్పి వస్తాయి. ఇది కనబడే హాని. కనబడని హాని ఇంకొకటి ఉన్నది. జింక్ మితిమీరితే ప్రేగులలో ఒక రకమైన మాంసకృత్తి పెరిగి, మనం తిన్న తిండిలోని రాగిని పట్టి ఉంచుతుంది. ఆ రాగి ఒంటికి పట్టకుండా మలంతో పోతుంది. శరీరంలో రాగి పేరుకొనిపోయే విల్సన్ వ్యాధిలో డాక్టర్లు జింక్‌ను మందుగా ఇచ్చేది ఈ గుణం చూచియే. రాగి సరిపడా ఉన్నవారు నెలల తరబడి అదే పని చేస్తే రక్తహీనత వస్తుంది, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. ఈ రక్తహీనత ఇనుము మాత్రలతో తగ్గదు. ఇంకా ముదిరితే పాదాలకు తిమ్మిర్లు, నడకలో తూలు వస్తాయి. నరాలకు కలిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. జుట్టు కొరకు మొదలుపెట్టినది నడక దాకా పోకూడదు గదా!

వాడవలసి వస్తే పాటించవలసినవి

1. రక్తశాతం, ఇనుము నిల్వ, థైరాయిడ్ పరీక్షలు చేయించి, డాక్టరు చెప్తేనే మొదలుపెట్టండి.

2. భోజనం చేసిన తరువాత, నిండా నీళ్ళతో వేసుకోండి.

3. ఇనుము మాత్ర, జింక్ మాత్ర ఒకేసారి వేసుకోవద్దు. ఒకదానిని మరొకటి ఒంటికి పట్టనీయదు. ఒకటి ఉదయం, ఒకటి రాత్రి అయితే మంచిది.

4. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ వంటి మందులు వాడుతుంటే వాటికి, జింక్‌కు మధ్య చాలా ఎడం ఉండాలి. ఆ మందు వేసుకున్న రెండు గంటల తరువాత గాని, వేసుకోవడానికి నాలుగు నుండి ఆరు గంటల ముందు గాని జింక్ వేసుకోవాలి. లేకపోతే ఆ మందు పనిచేయదు.

5. ఎన్నాళ్ళు వాడాలో మొదటి రోజే డాక్టరును అడిగి తెలుసుకోండి. గడువు తీరిన తరువాత మళ్ళీ చూపించుకోకుండా కొనసాగించవద్దు.

6. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అడగకుండా వాడకూడదు.

7. మాత్రలు పిల్లలకు అందనీయకండి. పసివారికి విరేచనాలప్పుడు ఆశ కార్యకర్త ఇచ్చే జింక్ మాత్ర వేరు. దానిని ఆమె చెప్పినట్లు 14 రోజులు తప్పక వేయండి.

వంటింటిలోని జింక్

మాంసం, కాలేయం, కోడికూర, గ్రుడ్లు, చేపలు, పాలు, నువ్వులు, గుమ్మడి గింజలు, వేరుశనగలు, శనగలు, రాగులు, సజ్జలు. వీటిలో జింక్ ఉన్నది. అయితే ధాన్యాలు, పప్పులలోని ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను కట్టిపడేస్తుంది. మన దేశంలో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్‌లోని షీరాజ్‌లో పనిచేస్తుండగా, ఇరవై ఏళ్ళు దాటినా చిన్న పిల్లల వలె ఎదగక ఉండిపోయిన యువకులను చూశారు. వారి తిండి ముఖ్యంగా పులియని గోధుమ రొట్టె. మనుష్యులకు జింక్ లోపం వస్తుందని లోకానికి తెలిసింది ఆయన పరిశోధనల వలననే. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది. మన అమ్మమ్మలు పులిసిన అంబలి పోసినా, పిండి పులియబెట్టి ఇడ్లీ, దోసె వేసినా ఒంటికి మంచే చేశారు. రోజూ గుప్పెడు మొలకెత్తిన శనగలో పెసలో, ఒక గ్రుడ్డు, ఒక నువ్వుల ఉండ పెట్టండి. మాత్రల ఖర్చు కంటే ఎక్కువ కాదు.

చివరిగా ఒక మాట

తల్లీ, మీ అమ్మాయిని దగ్గరలోని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళి రక్తపరీక్ష చేయించండి. ఆరు వారాలుగా జింక్ ఎంత వాడినదో డాక్టరుకు చెప్పండి, అట్ట చూపించండి. పాదాలకు తిమ్మిర్లు ఉంటే అది కూడా దాచవద్దు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. మాత్రలు రెట్టింపు చేసినంత మాత్రాన అది తొందరపడదు. ఓపిక పట్టండి.

అమ్మాయీ, నీ తలమీది వెంట్రుకల లెక్క తండ్రికి తెలుసునని ప్రభువు చెప్పింది భయపడుతున్న శిష్యులకు. రాలిన వాటిని నీవు లెక్కపెట్టుకుంటూ వెనుక వరుసలో కూర్చోవద్దు. ఈ ఆదివారం పిల్లల దగ్గరకు వెళ్ళు. వారికి నీ పాట కావాలి.

కోడలిని వెదకుతున్న తలిదండ్రులారా, జడలు అల్లుకొనుట గురించి పేతురు ఏమి వ్రాశాడో సంబంధం చూడబోయే ముందు ఒకసారి చదువుకొని బయలుదేరండి. మన సంఘాలలో జడ పొడవు చూచి పిల్లను ఎంచే అలవాటు పోతే, ఆడపిల్లల తల్లులు ఇట్టి ఉత్తరాలు మాకు వ్రాయవలసిన అవసరమే ఉండదు.

ప్రభువు మీ కుటుంబములకు ఆరోగ్యమును, సమాధానమును దయచేయును గాక.