పథ్యం పేరుతో పప్పు, గింజలు మాన్పించకండి



ఆపరేషన్ అయినవారికి, బాలింతలకు పప్పు పెడితే చీము పడుతుందని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్లలో నేటికీ అంటుంటారు. క్యారియర్ విప్పితే చారన్నం, వెల్లుల్లి కారం, అంతే. దీనిని మేము ఒప్పుకోము. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. మాంసం, గుడ్డు ఎలాగూ మాన్పిస్తారు, పప్పు కూడా మాన్పిస్తే రోగి దేనితో కోలుకోవాలి?

పథ్యమనగానే అందరికీ గుర్తొచ్చేది సొరకాయ. మంచిదే, తేలికగా అరుగుతుంది. కానీ అందులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. ఒట్టి సొరకాయతో బలం రాదు, బబ్బెర్లు (అలసందలు) కలపాలి. 100 గ్రాముల ఎండు బబ్బెర్లలో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. సరూర్‌నగర్ రైతు బజారులో లేత సొరకాయ, వీధి చివర కిరాణా కొట్టులో బబ్బెర్లు. ఖర్చు మాంసంతో పోలిస్తే ఎంత?

ఒక కప్పు బబ్బెర్లు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. రెండు చెంచాల నూనెలో జీలకర్ర, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, సొరకాయ ముక్కలు వేసి మూత పెట్టండి. నీళ్లు పోయనక్కరలేదు, దాని నీరే చాలు. ముక్క మెత్తబడ్డాక గింజలు, కొద్దిగా ఉప్పు. దించాక నిమ్మరసం పిండండి. నిమ్మలోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. (పులుపు తింటే కుట్లు ఊడతాయనే మాట కూడా వింటుంటాము. నమ్మకండి.) ముల్లంగితోనూ, కాలీఫ్లవర్‌తోనూ ఇలాగే చేసుకోవచ్చు. జొన్నరొట్టెలోకి బాగుంటుంది.

సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే కాయంతా పారవేయండి. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, రక్త విరేచనాలతో చనిపోయినవారు మన దేశంలో ఉన్నారు. రాజ్మా గింజలైతే నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లనిచ్చి, తర్వాత మెత్తగా ఉడికించాలి. సగం ఉడికినవి తింటే వాంతులు తప్పవు.

తెల్ల కూరల్లో ఎ విటమిన్ దాదాపు ఉండదు కనుక వారంలో రెండు మూడు సార్లయినా ఆకుకూర, క్యారెట్ పెట్టండి. కడుపు ఆపరేషన్ అయినవారికి డాక్టరు గారు గట్టి ఆహారం పెట్టమన్నాకే గింజలు ఇవ్వాలి. కిడ్నీ జబ్బున్నవారు ఎంత తినాలో వారినే అడగాలి. క్యారియర్‌లో ఏమి తేవాలో తెలియకపోతే వార్డు సిస్టరుకు ఒక్క మాట చెప్పండి, కాగితం మీద రాసిస్తారు.